సీటీ యాంజియో, ఐసోటోప్ స్కాన్ కలిపి చదివిన ఒక కేసు

ఈ కేసులోని రోగి వయసు 61 ఏళ్లు. నరసాపురం పరిసరాల్లో, వశిష్ఠ ఏటిగట్టును ఆనుకుని ఉన్న ఒక ఊరు ఆమెది. ఆమె అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసివేశాను. మొదట ఒక పరీక్షను నేను తప్పుగా ముగించడం, తరవాత రెండు పరీక్షలు ఒకే చోట వేలు చూపించి ఇంచుమించు దారి తప్పించడం, చివరికి ఆ రెండు పరీక్షలే ఒకదాని లోపాన్ని ఒకటి బయటపెట్టడం ఇందులో ఉన్నాయి. డెల్టా పల్లెల్లో గుండె జబ్బులు చూసే వైద్యులకూ, జనరల్ ప్రాక్టీసులో ఉండి ఇలాంటి రోగులను మా దగ్గరికి పంపేవారికీ ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

ఆమెకు పన్నెండేళ్లుగా మధుమేహం, ఎనిమిదేళ్లుగా రక్తపోటు ఉన్నాయి. రెండు మోకాళ్లూ అరిగాయి. ఇంట్లో రెండు గేదెలు, మధ్యాహ్నం పూట లేసు అల్లిక. నాలుగు నెలలుగా ఆయాసం, ఛాతీ పైభాగంలో పట్టేసినట్టు ఉండటం మొదలయ్యాయి. ఊళ్లో ఆర్.ఎం.పీ. దగ్గర గ్యాస్ అని మాత్రలు వాడారు. తరవాత పట్నంలో ఒక చోట ఈసీజీ తీసి, బాగానే ఉందని చెప్పి, అవే మాత్రలు కొనసాగించమన్నారు. నా దగ్గరికి వచ్చినప్పుడు బాధ ఎక్కడ మొదలవుతుందని అడిగితే ఆమె చెయ్యి ఛాతీ మీదికి పోలేదు, గడ్డం కిందికి పోయింది. "గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని గట్టెక్కేసరికి కింది దవడ పట్టేస్తందండి బాబూ, మోపు దించేసి కాసేపు కూర్చుంటే పోతంది" అన్నారు. ఎంతసేపటికి పోతుందమ్మా అంటే, "గేదె ఒకసారి కుడితి తాగినంత సేపు" అన్నారు. ఐదు నిమిషాల లోపు అన్నమాట. శ్రమతో రావడం, దవడలోకి పాకడం, విశ్రాంతితో తగ్గడం ఈ మూడూ ఉన్నప్పుడు దాన్ని ఆంజైనా, అంటే గుండె కండరానికి రక్తం చాలక వచ్చే నొప్పి, అనక తప్పదు. కొంగు పట్టుకుని ఛాతీ మధ్యలో గుద్దినట్టు చూపించనందువల్లే ఆమెకు నాలుగు నెలలు గ్యాస్ మాత్రలు నడిచాయి.

పరీక్షించినప్పుడు నాడి 74, రక్తపోటు 148/86. గుండె శబ్దాల్లో మర్మరం లేదు. హిమోగ్లోబిన్ 10.4, హెచ్‌బీఏ1సీ 8.1, ఎల్‌డీఎల్ 132, క్రియాటినిన్ 0.9. ఈసీజీలో పక్క లీడ్లలో టీ తరంగం కాస్త చదునుగా ఉంది, క్యూ తరంగాలు లేవు. ఎకోలో ఎడమ జఠరిక గోడ స్వల్పంగా మందమై ఉంది, ఒక్కో కొట్టుకు జఠరిక బయటికి పంపే రక్తం వాటా, అంటే ఎజెక్షన్ ఫ్రాక్షన్, 60 శాతం, గోడల కదలికలో లోపం లేదు, అయోర్టిక్ కవాటం మామూలుగా ఉంది. ఇక్కడ హిమోగ్లోబిన్ సంగతి పక్కన పెట్టకూడదు. రక్తం మోసుకెళ్లే ప్రాణవాయువే తక్కువైనప్పుడు, పెద్దగా సన్నబడని నాళం కూడా ఆంజైనా తెప్పించగలదు. ఐరన్ మాత్రలు ఆ రోజే మొదలుపెట్టాను.

యూరోపియన్ కార్డియాలజీ సొసైటీ 2019 మార్గదర్శకాల పట్టిక ప్రకారం 60 నుంచి 69 ఏళ్ల స్త్రీకి స్పష్టమైన ఆంజైనా ఉంటే, గుండెకు రక్తం అందించే కరోనరీ నాళంలో ప్రాముఖ్యమున్న పూడిక ఉండే అవకాశం 16 శాతం. అదే వయసు పురుషుడికి 44 శాతం. ఆ పట్టికలో వయసు, లింగం, లక్షణం తప్ప మధుమేహం, రక్తపోటు లెక్కలోకి రావు. 2024 మార్గదర్శకాలు ఈ లోటును సవరించి, ప్రమాద కారకాలను కూడా కలిపి అంచనా వేయమన్నాయి. మన ప్రాంతానికి ఈ సవరణ చాలా అవసరం. 2006లో ప్రచురితమైన ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ అధ్యయనం ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఒక ఏడాది మరణాలకు కారణాలు వెతికితే, సుమారు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే అని తేలింది. గుండెపోటు పట్నంవాళ్ల జబ్బు అనుకునే రోజులు డెల్టాలో ఎప్పుడో పోయాయి. అందుకని ఈమె విషయంలో 16 శాతం అనే అంకెను నేను కనీసపు అంచనాగానే తీసుకున్నాను.

మొదటి పరీక్ష, నా పొరపాటు

మోకాళ్ల వల్ల ట్రెడ్‌మిల్ మీద ఆమె రెండు నిమిషాలు కూడా నడవలేరు. అందుకని డోబుటమిన్ స్ట్రెస్ ఎకో ఎంచుకున్నాను. మందు ఎక్కించి గుండె వేగాన్ని పెంచుతూ, రక్తం చాలని గోడ కదలిక ఎక్కడ మందగిస్తుందో చూసే పరీక్ష ఇది. రేడియేషన్ లేదు, మా దగ్గరే చేయవచ్చు, ఖర్చు తక్కువ. గుండె వేగం 220 నుంచి వయసు తీసివేస్తే వచ్చే అంకెలో 85 శాతానికి చేరాలి. ఆమెకు అది నిమిషానికి 135.

డోబుటమిన్ కిలోకు నిమిషానికి 40 మైక్రోగ్రాముల దాకా పెంచాం. అట్రోపిన్ ఒక మిల్లీగ్రాము ఇచ్చాం. అయినా వేగం 118 దాటలేదు. ఒళ్లంతా వణుకు, వాంతి వచ్చేలా ఉందనడంతో ఆపేశాం. అప్పటివరకు కనిపించిన గోడలన్నీ బాగా కదిలాయి. నేను రిపోర్టులో ఇస్కీమియా, అంటే గుండె కండరానికి రక్తం చాలకపోవడం, లేదు అని రాశాను. బయట బెంచీ మీద కూర్చుని ఆమె సంచిలోంచి లేసు తీశారు కానీ, చేతులు వణికి సూది నిలవక మళ్లీ లోపల పెట్టుకోవడం నేను చూశాను. మందు ప్రభావం దిగేదాకా కూర్చోమని చెప్పి పంపించాను. ఆ వణుకు చేతుల్లో ఉంది కానీ గుండె వేగంలో లేదనే విషయం అప్పుడు నాకు తట్టలేదు.

ఆమె రక్తపోటుకు వాడుతున్న మాత్రల్లో అటెనొలాల్ ఉంది, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ రకం మందు. పరీక్షకు ముందు ఆపించాల్సిన మందు అది. పట్టీ మీద మందు పేరు కత్తిరించి పోవడంతో మావాళ్లు దాన్ని అంలోడిపిన్ అనుకుని రాసుకున్నారు. నేనూ సరిచూడలేదు. బీటా బ్లాకర్ వేసుకున్న గుండె డోబుటమిన్‌కు పూర్తిగా స్పందించదు. లక్ష్య వేగం అందని స్ట్రెస్ పరీక్షలో లోపం కనిపిస్తే ఆ లోపాన్ని నమ్మవచ్చు గానీ, కనిపించకపోతే దాన్ని ఏ రకంగానూ నమ్మకూడదు. ఆ రిపోర్టులో రాయాల్సిన మాట "ఇస్కీమియా లేదు" కాదు, "పరీక్ష అసంపూర్ణం". ఆ ఒక్క మాట తేడా వల్ల ఆమె ఇంటికి వెళ్లి ఆరు వారాలపాటు, గుండె బాగుందన్న భరోసాతో గడ్డిమోపులు మోశారు. ఈ ఆరు వారాల్లో ఆమెకు ఏమీ కాకపోవడం నా అదృష్టమే గానీ నా జాగ్రత్త కాదు.

ఆరు వారాల తరవాత కోడలు వెంట తీసుకొచ్చారు. బాధ తీరు మారలేదు, విశ్రాంతిలో రావడం లేదు, ఎక్కువసేపు ఉండటం లేదు. అంటే అస్థిర ఆంజైనా కాదు. అది ఉంటే ఈ పరీక్షలన్నీ పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రిలో చేర్చుకోవాలి. అప్పుడు పాత రిపోర్టు తీసి చూస్తే 118 అన్న అంకె కనిపించింది. జరిగిన తప్పు ఆమెకూ కోడలికీ చెప్పాను. ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్, నాలుక కింద పెట్టుకునే మాత్ర ఆ రోజే ఇచ్చాను. తరవాతి పరీక్షగా సీటీ కరోనరీ యాంజియో నిర్ణయించాం.

సీటీ ఏం చూపింది, ఏం చూపలేకపోయింది

సీటీ యాంజియో బలం నాళాల గోడను చూపడంలో ఉంది. మామూలు యాంజియోగ్రామ్ రక్తం పారే దారిని మాత్రమే చూపుతుంది. సీటీ గోడలో పేరుకున్న కొవ్వునూ, కాల్షియాన్నీ కూడా చూపుతుంది. అంతా శుభ్రంగా కనిపిస్తే జబ్బు లేదని దాదాపు నిశ్చింతగా చెప్పవచ్చు. స్కాట్లాండ్‌లో 4,146 మందితో జరిగిన స్కాట్-హార్ట్ అధ్యయనం 2018లో ఐదేళ్ల ఫలితాలు ప్రకటించినప్పుడు, సీటీ చేయించుకున్నవారిలో కరోనరీ జబ్బు మరణాలు, ప్రాణాంతకం కాని గుండెపోట్లు కలిపి 2.3 శాతం, చేయించుకోనివారిలో 3.9 శాతం ఉన్నాయి. స్టెంట్లు ఎక్కువ వేయడం వల్ల వచ్చిన తేడా కాదది. ఐదేళ్లలో రెండు వర్గాల్లోనూ స్టెంట్లు, బైపాస్‌లు ఇంచుమించు సమానమే. గోడలో జబ్బు కంటికి కనిపించాక స్టాటిన్, ఆస్పిరిన్ సరైనవారికి అందడమే ప్రధాన కారణమని ఆ పరిశోధకులు భావించారు.

ఈసారి మందుల పట్టీ నేనే చదివాను. సీటీకి గుండె నెమ్మదిగా కొట్టుకోవాలి కాబట్టి ఇక్కడ బీటా బ్లాకర్ కావాలి. స్ట్రెస్ ఎకోకు శత్రువైన మందే సీటీకి మిత్రుడు. మెటోప్రొలాల్ ఇచ్చి వేగం 62కు తెచ్చాం, నాలుక కింద నైట్రేట్ ఇచ్చాం. మూత్రపిండాల పని బాగున్నందువల్ల మెట్‌ఫార్మిన్ ఆపాల్సిన అవసరం రాలేదు. స్కాన్ నడుస్తున్నప్పుడు ఒక ఎక్టోపిక్ బీట్, అంటే లయ తప్పి ముందే వచ్చే కొట్టు, వచ్చింది. చిన్న విషయంలా కనిపించినా, కథ మలుపు అక్కడే ఉంది.

కాల్షియం స్కోరు 486. ఈ స్కోరును 1990లో అగాట్‌స్టన్ బృందం ప్రవేశపెట్టింది. 130 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లకు మించిన సాంద్రత ఉన్న మచ్చలను లెక్కగడతారు. 400 దాటితే నాళాల్లో జబ్బు భారం ఎక్కువని అర్థం. కాల్షియంలో ఎక్కువ భాగం ఎడమ ముందు నాళం, అంటే ఎల్.ఏ.డి. మొదటి భాగంలో ఉంది. అక్కడ 70 శాతానికి పైగా సన్నబడిందని రిపోర్టు. కుడి కరోనరీ నాళం మధ్య భాగంలో కాల్షియం లేని మెత్తని కొవ్వు ఫలకం వల్ల 50 నుంచి 69 శాతం సన్నబడింది, కానీ చిత్రం అక్కడ మెట్టు మెట్టుగా తెగింది కాబట్టి కచ్చితంగా చెప్పలేమని రాశారు. ఎడమ ప్రధాన నాళం శుభ్రం. ఎడమ పక్కగా తిరిగే సర్కంఫ్లెక్స్ నాళం చిన్నది, దానిలో స్వల్ప జబ్బు. గుండె కింది గోడకు రక్తం కుడి నాళం నుంచే వెళుతోంది.

కంప్యూటరు తెర మీద ఆ ఎల్.ఏ.డి. చూస్తే భయం వేస్తుంది. తెల్లటి సున్నపు గడ్డలు నాళాన్ని పూర్తిగా మింగేసినట్టు కనిపిస్తాయి. అయితే సీటీలో కాల్షియం ఉన్నదానికన్నా పెద్దదిగా కనపడుతుంది. నాళం వ్యాసం మూడు మిల్లీమీటర్లు. సీటీ విడదీసి చూపగల అతి చిన్న దూరం సుమారు అర మిల్లీమీటరు. ఒక గడిలో సగం కాల్షియం, సగం రక్తం ఉంటే, ఆ గడి మొత్తం కాల్షియంలాగే మెరుస్తుంది. రాత్రిపూట ఏటి అవతలి ఒడ్డున వెలిగే దీపం పొగమంచులో దాని అసలు పరిమాణం కన్నా పెద్దదిగా కనిపించినట్టే ఇదీ. అందుకే ఎక్కువ కాల్షియం ఉన్నచోట సీటీ చెప్పే శాతాన్ని పైకి పోయిన అంచనాగానే చూడాలి.

కుడి నాళం సంగతి దీనికి తలకిందులు. గుండె కొట్టుకున్నప్పుడు కరోనరీ నాళాల్లో అన్నిటికన్నా ఎక్కువ కదిలేది కుడి నాళం మధ్య భాగం. ఎక్టోపిక్ బీట్ దెబ్బ తగిలింది సరిగ్గా అక్కడే. కాల్షియం లేని ఫలకం మెరవదు కాబట్టి కంటికి ఆనదు. దాని సాంద్రత కొన్ని చోట్ల 30 యూనిట్ల లోపు ఉంది, నాళం అక్కడ బయటికి ఉబ్బింది. ఈ రెండూ ప్రమాదకరమైన ఫలకానికి గుర్తులు. రిపోర్టు చివర మాత్రం ప్రధాన లోపం ఎల్.ఏ.డి.లో అని ఉంది. నిజం చెప్పాలంటే ఆ రోజు నా మనసు కూడా ఎల్.ఏ.డి. మీదే ఉంది.

ఇక్కడ నా ముందు రెండు దారులు ఉన్నాయి. నేరుగా యాంజియోగ్రామ్ చేసే క్యాథ్ ల్యాబ్‌కు పంపడం ఒకటి. ఏ నాళం వల్ల గుండె కండరానికి రక్తం చాలడం లేదో తెలుసుకునే పరీక్ష మరొకటి. ఎడమ ప్రధాన నాళం శుభ్రంగా ఉందని సీటీ తేల్చినందువల్ల తొందరపడాల్సిన పని లేదు. 5,179 మందితో జరిగి 2020లో ప్రచురితమైన ఇస్కీమియా అధ్యయనం కూడా, ఎడమ ప్రధాన నాళం జబ్బు లేని స్థిరమైన రోగుల్లో, ముందు మందులతో నడపడం, ముందే యాంజియోగ్రామ్ చేసి నాళం బాగుచేయడం రెండింటి మధ్య మరణాల్లోగానీ గుండెపోట్లు సహా ప్రధాన ఫలితాల్లోగానీ తేడా చూపలేదు. తేడా వచ్చింది ఆంజైనా తగ్గడంలోనే. అందుకని మెటోప్రొలాల్, అంలోడిపిన్ పూర్తి మోతాదులో పెట్టి, ఐసోటోప్ స్కాన్‌కు పంపించాను.

ఐసోటోప్ స్కాన్, దాని చుట్టూ జరిగినవి

జనం ఇప్పటికీ దీన్ని థాలియం స్కాన్ అంటారు. ఒంట్లోకి ఎక్కించి, గుండె గోడల్లో రక్తం ఎక్కడికి ఎంత చేరిందో చూసేందుకు వాడే రేడియోధార్మిక పదార్థం ఎక్కువగా టెక్నీషియం. దాని అర్ధాయుష్షు ఆరు గంటలు. ఉదయం సిద్ధం చేసిన మందు సాయంత్రానికి చాలావరకు బలం తగ్గిపోతుంది కాబట్టి, రోగి సమయానికి చేరాలి. మా దగ్గర ఈ సౌకర్యం లేదు, బెజవాడ వెళ్లాలి. ట్రెడ్‌మిల్ వీలుకాదు కనుక అడినొసిన్‌తో చేయాలి. ఆరోగ్యంగా ఉన్న నాళాలు అడినొసిన్‌కు బాగా విచ్చుకుని రక్తాన్ని కొన్ని రెట్లు ఎక్కువగా పంపుతాయి. పూడిక ఉన్న నాళం అంత పంపలేదు. ఆ తేడా స్కాన్‌లో మసకగా కనిపిస్తుంది. ఆస్తమా ఉన్నవారికి ఇది ఇవ్వకూడదు, ఆమెకు లేదు. టీ, కాఫీల్లోని కెఫీన్ అడినొసిన్ పని చేసే చోటే అడ్డు కూర్చుంటుంది. ఇరవైనాలుగు గంటలు టీ, కాఫీ, కూల్‌డ్రింకు, చాక్లెట్ వద్దని పెద్ద అక్షరాలతో కాగితం రాసిచ్చాను.

తెల్లవారుజామున నరసాపురంలో రైలెక్కారు. ఆకివీడు స్టేషన్లో కొడుకు టీ తెచ్చి చేతికిస్తే, "డాక్టరుగారి కాయితం చూడరా" అని కప్పు వెనక్కి ఇచ్చేశారట. ఆ తరవాత వచ్చినప్పుడు కొడుకే చెప్పారు. ఆ ఒక్క కప్పు తాగి ఉంటే స్కాన్ మామూలుగా వచ్చేదేమో. నేనొకసారి చేసిన తప్పే మళ్లీ మరో రూపంలో జరిగేది. ఈ పరీక్షకు సన్నాహం అంతా రోగి ఇంట్లో, రైల్లో జరుగుతుంది కాబట్టి, చదువు రానివారికి కాగితం ఇచ్చి ఊరుకోకుండా వెంట వచ్చేవారిని కూర్చోబెట్టి చెప్పడం వైద్యుడి పనే.

స్కాన్ రిపోర్టులో రెండు లోపాలు ఉన్నాయి. కింది గోడలో మధ్యస్థాయి లోపం, ఒత్తిడిలో వచ్చి విశ్రాంతి చిత్రంలో పూర్తిగా పోయింది, ఎడమ జఠరికలో సుమారు 12 శాతం మేర. ముందు గోడలో స్వల్ప లోపం, రెండు చిత్రాల్లోనూ అలాగే ఉంది. నిర్ధారణలో రెండు నాళాల జబ్బు, ఎల్.ఏ.డి. ప్రాంతంలో పాత గాయం అని రాశారు.

ఈ చోట ఏ వైద్యుడైనా తేలిగ్గా పడిపోయే గుంట ఉంది. సీటీలో ఎల్.ఏ.డి.కి 70 శాతం. స్కాన్‌లో ముందు గోడకు లోపం. రెండు వేర్వేరు యంత్రాలు, వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు చేతులు, ఒకే చోటుకు వేలు చూపించాయి. ఇంకేం కావాలి అనిపిస్తుంది. రెండు పరీక్షలు కలిపితే బలం వచ్చేది, ఆ రెండూ తమ తమ లోపాల వల్ల తప్పు చెప్పడం లేదని తేలినప్పుడు మాత్రమే. సీటీకి ఆ చోట తప్పు చెప్పే కారణం ఉంది, అది కాల్షియం మెరుపు. ఐసోటోప్ స్కాన్‌కు కూడా స్త్రీలలో ముందు గోడ దగ్గర తప్పు చెప్పే కారణం ఒకటి ఉంది. గుండె నుంచి వచ్చే గామా కిరణాలను రొమ్ము కొంత ఆపేస్తుంది. కిరణాలు తక్కువ చేరితే అక్కడ రక్తం తక్కువున్నట్టు కనిపిస్తుంది. రెండు తప్పులూ యాదృచ్ఛికంగా ఒకే గోడ మీద పడితే, అవి ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకున్నట్టు కనిపిస్తాయి.

అది గాయమే అయితే మరికొన్ని గుర్తులు ఉండాలి. ఈసీజీలో క్యూ తరంగాలు లేవు. ఎకోలో ముందు గోడ బాగా కదులుతోంది. గోడ ఎంత శాతం ముడుచుకుంటోందో ఎకోలో కొలిచే స్ట్రెయిన్ చూశాను, ముందు గోడ సెగ్మెంట్లు మైనస్ 19 నుంచి మైనస్ 21. చచ్చిన కండరం అలా ముడుచుకోదు. కింది గోడ మొదట్లో స్ట్రెయిన్ కొంచెం తక్కువగా ఉంది కానీ, ఆ సెగ్మెంట్లలో మామూలుగానే కాస్త తక్కువ వస్తుంది కాబట్టి దాన్ని నేను సాక్ష్యంగా తీసుకోలేదు. స్కాన్ కేంద్రానికి ఫోన్ చేసి, కెమెరా చుట్టూ తిరుగుతూ తీసిన ముడి చిత్రాలూ, గుండె లయకు కట్టి తీసిన గేటెడ్ చిత్రాలూ, శరీరం కిరణాలను ఆపిన మేర (అటెన్యుయేషన్) సీటీతో సరిచేసిన చిత్రాలూ పంపమన్నాను. సరిచేసిన చిత్రాలు తీశారు గానీ రిపోర్టులో చూడలేదట. రెండు రోజులకు వచ్చాయి.

ముడి చిత్రాల్లో రొమ్ము నీడ గుండె పైభాగం మీదుగా జరుగుతూ కంటికి కనిపించింది. గేటెడ్ చిత్రాల్లో ముందు గోడ ప్రతి సంకోచంలోనూ మందమవుతోంది. సరిచేసిన చిత్రాల్లో ముందు గోడ లోపం మాయమైంది. కింది గోడ లోపం మాత్రం అలాగే నిలిచింది. అడినొసిన్ తరవాత జఠరిక ఉబ్బలేదు, ఎజెక్షన్ ఫ్రాక్షన్ 58 శాతం.

చివరి రెండు విషయాలు ఎందుకు ముఖ్యమో చెప్పాలి. ఐసోటోప్ స్కాన్ ఒక గోడను మరో గోడతో పోల్చి చూస్తుంది. మూడు నాళాలూ సమానంగా పూడిపోతే అన్ని గోడలూ సమానంగా మసకబారి, స్కాన్ మామూలుగా ఉన్నట్టు కనపడవచ్చు. అప్పుడు జఠరిక ఉబ్బడం, ఒత్తిడి తరవాత ఫ్రాక్షన్ పడిపోవడమే ఆనవాళ్లు. ఇక్కడ ఆ ఆనవాళ్లు లేవు, ఎడమ ప్రధాన నాళం శుభ్రమని సీటీ ముందే చెప్పింది. కాల్షియం వల్ల సీటీ చేసే అతిశయోక్తిని స్కాన్ సరిదిద్దింది. అన్ని గోడలూ సమానంగా మసకబారితే స్కాన్ మోసపోతుందన్న అనుమానాన్ని సీటీ తీర్చింది. కింది గోడకు రక్తం వెళ్లేది కుడి నాళం నుంచా సర్కంఫ్లెక్స్ నుంచా అన్నది ఐసోటోప్ స్కాన్ ఎప్పటికీ చెప్పలేదు, మనిషికో తీరు ఉంటుంది. ఈమెలో కుడి నాళమే అని సీటీ చూపింది. ఆ నాళంలో, కదలిక వల్ల సరిగా కనిపించని ఆ మెత్తని ఫలకమే అసలు దోషి అయ్యుండాలని నేను నా నోట్స్‌లో రాసుకున్నాను.

తరవాత కంప్యూటరులో దాచిన పాత స్ట్రెస్ ఎకో వీడియోలు మళ్లీ చూశాను. 118 వేగం దగ్గర రెండు గదుల వ్యూలో కింది గోడ మొదటి భాగం కాస్త ఆలస్యంగా మందమవుతున్నట్టు నాకు అనిపించింది. జవాబు తెలిసిన కన్ను చూసినదాన్ని నేను రుజువుగా లెక్కపెట్టను.

ఇతర పరీక్షల గురించి ఒక మాట

అడినొసిన్‌తో కార్డియాక్ ఎమ్మారై చేసి ఉంటే రొమ్ము నీడ సమస్యే ఉండేది కాదు, రేడియేషన్ కూడా ఉండదు. 918 మందితో జరిగిన ఎంఆర్-ఇన్ఫార్మ్ అధ్యయనం 2019లో, ఎమ్మారై ఆధారంగా వైద్యం నడిపితే, నాళంలో ఒత్తిడి కొలిచే ఎఫ్ఎఫ్ఆర్ ఆధారంగా నడిపినదానికన్నా ఫలితాలు తీసికట్టుగా లేవని చూపింది. మాకు దగ్గరలో ఆ పరీక్ష చేసి, చదివే అనుభవం ఉన్న చోటు దొరకలేదు. పెట్ స్కాన్ అయితే రక్త ప్రవాహాన్ని మిల్లీలీటర్లలో కొలుస్తుంది. కానీ అందులో వాడే అమ్మోనియా మందు అర్ధాయుష్షు పది నిమిషాలు, పక్కనే సైక్లోట్రాన్ ఉండాలి. ఇక సీటీ చిత్రాల నుంచే కంప్యూటరు లెక్కతో ప్రవాహాన్ని అంచనా కట్టే పద్ధతి ఉంది. చిత్రం తెగినచోట, కాల్షియం ఎక్కువున్నచోట ఆ లెక్క కూడా తడబడుతుంది. ఈమెలో ఈ రెండు ఇబ్బందులూ ఉన్నాయి.

అన్ని పరీక్షలూ అందరికీ చేయించడం మాత్రం నేను సమర్థించను. 2017లో ప్రచురితమైన పసిఫిక్ అధ్యయనంలో 208 మందికి సీటీ యాంజియో, ఐసోటోప్ స్కాన్, పెట్ మూడూ చేసి, నాళాల్లో ఒత్తిడి కొలిచే ఎఫ్ఎఫ్ఆర్‌తో సరిపోల్చారు. కచ్చితత్వం పెట్‌కు 85 శాతం, ఐసోటోప్ స్కాన్‌కు 77, సీటీకి 74. సీటీని మిగతావాటితో కలిపి చదివితే లేని జబ్బు ఉందనడం తగ్గింది గానీ, ఉన్న జబ్బు కొంత జారిపోయింది. మొత్తం కచ్చితత్వం పెరగలేదు. అందరికీ కలిపి చేస్తే ఇదే ఫలితం. మొదటి పరీక్ష ఒక నిర్దిష్టమైన ప్రశ్నను మిగిల్చినప్పుడు, ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల రెండో పరీక్ష ఎంచుకుంటేనే కలపడానికి అర్థం ఉంటుంది. ఈమె సీటీలో నాళాలు శుభ్రంగా వచ్చి ఉంటే బెజవాడ ప్రయాణమే అక్కర్లేదు. సీటీకి సుమారు 4, ఐసోటోప్ స్కాన్‌కు సుమారు 10 మిల్లీసీవర్ట్ల రేడియేషన్ పడింది. 61 ఏళ్ల మనిషికి అది పెద్ద భయం కాదు. 35 ఏళ్ల స్త్రీ అయితే నేను వేరే క్రమం ఎంచుకునేవాణ్ణి.

యాంజియోగ్రామ్, ఆ తరవాత

రెండు మందులు పూర్తి మోతాదులో ఆరు వారాలు వాడినా, హిమోగ్లోబిన్ 11.8కి పెరిగినా, ఏటిగట్టు ఎక్కితే దవడ పట్టడం ఆగలేదు. నైట్రేట్ కలిపితే తలనొప్పి భరించలేకపోయారు. ఆ దశలో యాంజియోగ్రామ్ నిర్ణయం ఆమెతో, కొడుకుతో కూర్చుని తీసుకున్నాం. స్టెంట్ ఆయుష్షు పెంచుతుందని నేను చెప్పలేదు, బాధ తగ్గించడానికని చెప్పాను.

మణికట్టు నుంచి చేశాం. ఎల్.ఏ.డి.లో కాల్షియం బాగానే ఉంది, సన్నబడింది మాత్రం సుమారు 50 శాతం. ఎఫ్ఎఫ్ఆర్ 0.86. అంటే పూడిక దాటాక కూడా ఒత్తిడి 86 శాతం నిలిచింది. 0.80 లేదా అంతకన్నా తక్కువైతేనే దాన్ని పట్టించుకోవాలి. కుడి నాళం మధ్యలో 75 శాతం, ఎఫ్ఎఫ్ఆర్ 0.71. కుడి నాళానికి ఒక స్టెంట్ వేశాం. ఎల్.ఏ.డి.ని తాకలేదు. ఐసోటోప్ రిపోర్టును రాసినట్టే నమ్మి, సీటీ రిపోర్టును రాసినట్టే నమ్మి ముందుకెళ్లి, ఒత్తిడి కొలవకుండా ఉంటే, సున్నం పట్టిన ఆ ఎల్.ఏ.డి.లో ఆమెకు అక్కర్లేని స్టెంట్ పడేది. దవడ నొప్పి మాత్రం అలాగే ఉండిపోయేది.

ఎల్.ఏ.డి.లో స్టెంట్ వేయలేదంటే అక్కడ జబ్బు లేదని కాదు. 486 స్కోరు ఉన్న మనిషికి అటోర్వాస్టాటిన్ జీవితాంతం కావాలి. ఈ విషయం కోడలికి రెండుసార్లు చెప్పాను, ఎందుకంటే నొప్పి పోయాక మాత్రలు ఆగిపోవడం మా ప్రాంతంలో రోజూ చూసేదే. ఆ తరవాత మా దగ్గర స్ట్రెస్ ఎకో రిపోర్టు ఫారంలో, చేరిన గుండె వేగం లక్ష్యంలో ఎంత శాతమో మొదటి గడిలో నింపితే తప్ప నిర్ధారణ గడి రాయకూడదని మార్చుకున్నాం. మందుల పట్టీలు కూడా ఇప్పుడు నేనే చేతిలోకి తీసుకుని చదువుతున్నాను.

ఎనిమిది నెలల తరవాత ఆమె ఎల్‌డీఎల్ 58, హెచ్‌బీఏ1సీ 7.0. గట్టు ఎక్కుతున్నారు, దవడ పట్టడం లేదు, మోకాళ్లే ఆపుతున్నాయి. గడ్డిమోపు ఇప్పుడు కొడుకు సైకిలు మీద వస్తోంది. మొన్న వచ్చినప్పుడు, "మళ్లీ ఆ బెజవాడ స్కానింగు తియ్యాలాండి బాబూ?" అని అడిగారు. "బాధ లేనప్పుడు అక్కర్లేదమ్మా, మళ్లీ దవడ పడితే మాత్రం గ్యాస్ మాత్ర వేసుకోకుండా నేరుగా రండి" అన్నాను. సంచిలోంచి లేసు తీసి, కోడలు మందులు తెచ్చేదాకా బెంచీ మీద కూర్చుని అల్లుకుంటూ ఉన్నారు.